తీగ మీ చేతిలో ఉన్నప్పుడు ఏం చేశారు?

నెట్ న్యూట్రాలిటీకి, అంటే నెట్ ఇచ్చే కంపెనీ అన్ని యాప్‌లనూ వెబ్‌సైట్లనూ ఒకేలా చూడాలన్న రూలుకు, మీ పార్టీ అనుకూలమా, వ్యతిరేకమా అని గోదావరి జిల్లాల్లో ఏ అభ్యర్థినైనా అడిగి చూడండి. విషయం తెలిసినాయన అనుకూలమే అంటాడు. తెలియనాయన ఇంకాస్త గట్టిగా అంటాడు. ఆ జవాబును పట్టుకుని ఓటు వేయడానికి ఏమీ ఉండదు. రూలు ఇప్పటికే ఆ వైపు ఉంది కాబట్టి అవునంటే ఎవరికీ నష్టం లేదు, కాదనే అవసరమూ లేదు.

ఈ ఏకాభిప్రాయం ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. 2015 మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం పెట్టింది. వాట్సాప్, స్కైప్ లాంటి సేవలకు లైసెన్సు ఉండాలా, వాటి డేటాకు వేరే రేటు కట్టవచ్చా అన్నవి అందులోని ప్రశ్నలు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది (డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లు వాడితే డేటా కరగని పథకం), అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ జనం గోలకు వెనక్కి తగ్గింది. లోక్‌సభలో కాంగ్రెస్ తరఫున రాహుల్ గాంధీ లేవనెత్తారు. బీజేపీ తరఫున టెలికాం మంత్రి రవిశంకర్ ప్రసాద్ వివక్ష లేని ఇంటర్నెట్ వైపే మాట్లాడారు. ఆ తర్వాత కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ మీద పెద్ద యుద్ధం నడిచింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వివక్షాపూరిత డేటా టారిఫ్‌లను నిషేధించింది. 2018లో టెలికాం శాఖ లైసెన్సుల్లోనే నిబంధన రాసింది. అంటే పాలక పక్షం, ప్రతిపక్షం ఒకే వైపు నిలబడ్డాయి.

అమెరికాలో ఇలా లేదు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015 ఫిబ్రవరిలో 3-2 ఓట్లతో రూలు పెట్టింది, 2017 డిసెంబరులో 3-2తో తీసేసింది, 2024 ఏప్రిల్‌లో 3-2తో మళ్లీ పెట్టింది. మూడుసార్లూ ఓట్లు పార్టీల వారీగానే చీలాయి. 2025 జనవరి 2న అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా రూలు మారడం చూడ్డానికి చిరాకే, కానీ ఒక మేలుంది: ఏ పార్టీకి ఓటేస్తే ఏం వస్తుందో ఓటరుకు ముందే తెలుసు. మన దగ్గర అందరూ అవును అంటారు కాబట్టి ఎవరి లెక్క ఏమిటో తేలదు.

అయితే ఆంధ్రప్రదేశ్‌లో తేల్చుకునే దారి ఒకటుంది. ఇక్కడ రాష్ట్ర ప్రభుత్వానికి సొంతంగా ఇంటర్నెట్ కంపెనీ ఉంది, ఫైబర్‌నెట్. ఎన్నికల్లో గెలిచిన పార్టీకి సచివాలయంతో పాటు ఆ తీగ కూడా చేతికొస్తుంది. కాబట్టి వైఖరి ఏమిటని అడగడం అనవసరం. తీగ చేతిలో ఉన్నప్పుడు ఏం చేశారో చూస్తే చాలు.

ముందు రూలు సంగతి. డెల్టాలో దీన్ని వివరించడం తేలిక. రబీలో నీళ్లు చాలనప్పుడు కాలువల మీద వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ బ్రాంచికి, ఇన్ని రోజులు ఆ బ్రాంచికి. రైతు తిట్టుకుంటాడు గానీ అది అన్యాయం అనడు. ఫలానావాడి చేను కాబట్టి కాలువ చూసుకునే లస్కరు తూము దించేస్తే మాత్రం గొడవవుతుంది. లైసెన్సు షరతు సరిగ్గా ఈ గీతే గీసింది. రద్దీ వేళ అందరి వేగం తగ్గించవచ్చు. ఫలానా యాప్, ఫలానా వెబ్‌సైటు అని చూసి ఆపడం, నెమ్మది చేయడం, లేదా దానికే ప్రత్యేక వేగం ఇవ్వడం కుదరదు. మినహాయింపులు ఉన్నాయి: అత్యవసర సేవలు, కోర్టు లేదా ప్రభుత్వ ఆదేశాలు, ప్రత్యేక సేవలు (మామూలు ఇంటర్నెట్ కాకుండా అదే తీగ మీద విడిగా నడిచేవి), కంటెంటును వాడకందారుకు దగ్గరగా నిల్వ ఉంచే సీడీఎన్‌లు. ఈ చివరి రెండిటినీ గుర్తుంచుకోండి, గందరగోళమంతా అక్కడే.

రేట్ల విషయంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఇంకా సులువు. రీఛార్జితో ఓటీటీ చందా ఉచితం అంటే తప్పు కాదు, ఎందుకంటే ఆ యాప్ చూసినా మీ రోజువారీ డేటా మామూలుగానే కరుగుతుంది. ఆ యాప్ చూస్తే డేటా కరగదు అంటే అది 2016 రూలుకు విరుద్ధం. దానికి జరిమానా రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు. లెక్క వేసుకోండి, వందో రోజుకు పరిమితి వచ్చేస్తుంది, నూటొకటో రోజు నుంచి ఆ తప్పు ఉచితం. వేల కోట్ల కంపెనీకి 50 లక్షలు అంటే ఒక పేజీ పత్రికా ప్రకటన లెక్కలో పోతుంది. ఈ పరిమితి పెంచాలని పార్లమెంటులో పట్టుబట్టే పార్టీ ఏదైనా ఉంటే, ఆ పార్టీకి నిజంగా వైఖరి ఉందని నేను ఒప్పుకుంటాను.

ఇక ఫైబర్‌నెట్. సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దీన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. ఏడాది తర్వాత, 2017 డిసెంబరులో, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్ర స్థాయిలో మొదలైంది. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను. కాలువ గట్ల వెంట తవ్వి పూడ్చే ఖర్చు లేకుండా కరెంటు స్తంభాల మీదే కేబులు లాగారు. ఒండ్రు నేల, అడుగడుగునా డ్రెయిను ఉన్న కోనసీమలో అది తెలివైన నిర్ణయమే. తుపానుకు స్తంభం పడితే కరెంటూ నెట్టూ ఒకేసారి పోతాయన్నది దానికి చెల్లించే మూల్యం.

స్తంభం మీది కేబులు నుంచి మీ ఇంటికి వచ్చేది ఒక సన్నని గాజు పోగు. ఆపరేటరు దగ్గరున్న ఓఎల్‌టీ (పోగులోకి కాంతి సంకేతాలు పంపే యంత్రం) నుంచి ఒక్కో పోర్టు సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు కిందికి పంపుతుంది, 1.25 గిగాబిట్లు పైకి తీసుకుంటుంది. స్తంభం మీద ఉండే స్ప్లిటరు దాన్ని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. కిందికి వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, పైకి పోయేది 1310. మీ ఇంట్లో ఉన్న పెట్టెలోకి చేరాక అదే పోగు మీద మూడు దారులు విడిపోతాయి. ఒక్కో దారిని వీల్యాన్ అంటారు. సాధారణంగా ఇంటర్నెట్‌కు ఒక వీల్యాన్, టీవీకి ఒకటి, ఫోనుకు ఒకటి. టీవీ దారిలో ఛానళ్లు మల్టీకాస్ట్‌గా, అంటే చూసేవాళ్లందరికీ కలిపి ఒకే ప్రసారంగా, వస్తాయి. మీరు రిమోటు నొక్కితే మీ పెట్టె ఆ ఛానల్ గుంపులో చేరుతుంది, కాపీ మీ వైపు తిరుగుతుంది. పైన ఛానళ్లన్నీ పంపే కేంద్రంలో (హెడ్ఎండ్) ఒకరు ఆ ఛానల్‌ను జాబితాలోంచి తీసేస్తే రాష్ట్రంలో అన్ని పెట్టెల్లోనూ ఒకేసారి మాయమవుతుంది. ఊరూరా తిరిగి ఎవరూ ఏ తీగా పీకక్కర్లేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2019 సెప్టెంబరులో, వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ కాలంలో, టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి రాష్ట్రంలో కేబుల్ మీద కనిపించకుండా పోయాయి. టీవీ5 వాళ్లు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్తే ట్రిబ్యునల్ ఫైబర్‌నెట్‌కు పునరుద్ధరించమని చెప్పాల్సి వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారి తెలుగుదేశం కూటమి వచ్చిన రోజుల్లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ చాలా కేబుల్ నెట్‌వర్కుల్లో ఆగాయి. టీవీ9 విషయంలో పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు ఎంఎస్‌ఓలను (పెద్ద కేబుల్ కంపెనీలను) ఆదేశించింది. అంతకు ముందు 2014లో తెలంగాణలో టీవీ9కీ ఏబీఎన్‌కీ ఇదే జరిగింది. ఎవరు ఆపించారు, ఎవరు తమంతట తాము ఆపారు అన్న వాదనలోకి నేను పోవడం లేదు. ఆపడం ఎంత తేలికో, ఏ పార్టీ అభిమాని ఛానలైనా ఎలా వంతు వంతుగా బలైందో చూడండి చాలు.

అసలు గమనించాల్సింది ఇంకోటుంది. పెట్టెలో ఆగిన ఛానలే ఆ పూటే యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారంగా వచ్చింది. రాజోలులోనో పాలకొల్లులోనో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో టీవీలో నల్ల తెర, పక్కనే వైఫైలో ఫోను మీద అదే ఛానల్, అదే యాంకరు. గాజు పోగు ఒకటే, ఆపరేటరు ఒకడే, నెల బిల్లూ ఒకటే. టీవీ వీల్యాన్ మీద యజమాని మాట చెల్లింది, ఇంటర్నెట్ వీల్యాన్ మీద చెల్లలేదు. సాంకేతికంగా రెండిటినీ ఆపగలరు, రెండోదాన్ని ఆపితే లైసెన్సు షరతు అడ్డం వస్తుంది. నెట్ న్యూట్రాలిటీ వల్ల మాకేంటి లాభం అని అడిగేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నా దగ్గర లేదు.

టీవీకి మాత్రం చట్టం లేదా అంటే ఉంది. 2017 నాటి ట్రాయ్ ఇంటర్‌కనెక్షన్ నిబంధనల ప్రకారం మూడు వారాల ముందస్తు నోటీసు లేకుండా ఛానల్‌ను ఆపకూడదు. చేర్చుకునే విషయంలోనూ వివక్ష చూపకూడదు. కాగితం మీద ఉన్న ఆ నోటీసు ఆచరణలో ఏమైందో పై సంఘటనలే చెబుతున్నాయి. ట్రిబ్యునల్ ఆదేశం వచ్చేలోపు వార్త పాతబడుతుంది. 2023లో ఫైబర్‌నెట్ విడుదల రోజునే సినిమాలు చూపించడం కూడా మొదలుపెట్టింది, అంటే దారి యజమానే దారి పక్కన దుకాణం కూడా తెరిచాడు. అది తప్పని అనను. ఆ దుకాణం టీవీ దారిలో ఉందా, ఇంటర్నెట్ దారిలో ఉందా, పోటీ దుకాణాల వేగం మీద చెయ్యి పడుతుందా అని మాత్రం కన్నేసి ఉంచాలి.

ఇప్పుడు ఎదురు వైపు మాట. నెట్ నెమ్మదైన ప్రతిసారీ న్యూట్రాలిటీ పోయిందని అరిచేవాళ్లు ఈ వాదనను పలచన చేస్తున్నారు. డెల్టా పల్లెల్లో నెమ్మదికి కారణాలు చాలామటుకు లెక్కలోనూ తీగలోనూ ఉంటాయి. చిన్న ఆపరేటరు ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీ పెట్టి, ఒక్కో పోర్టుకు 64 ఇళ్లు ఇస్తే 512 కనెక్షన్లు. వెనక నుంచి వచ్చే లైను ఒక గిగాబిట్టే అయితే, రాత్రి తొమ్మిదింటికి అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి రెండు మెగాబిట్లు కూడా సరిగ్గా రావు. ప్లాను మీద వంద అని ఉంటుంది. ఆ వేళ యూట్యూబ్ మాత్రం హాయిగా ఆడుతుంది, రొయ్యల లైసెన్సు కోసం తెరిచిన ప్రభుత్వ పోర్టల్ తిరుగుతూ ఉంటుంది. యూట్యూబ్ వీడియో కంపెనీ నెట్‌వర్కులోనే పెట్టిన గూగుల్ కాష్ సర్వరు (కాపీలు నిల్వ ఉంచే యంత్రం) నుంచి వస్తుంది, పోర్టల్ ఎక్కడో దూరపు డేటా సెంటర్ నుంచి, ఇరుకైన పై లైను గుండా రావాలి. ఇందులో వివక్ష ఏమీ లేదు, ఇందాక చెప్పిన సీడీఎన్ మినహాయింపు ఇదే. డబ్బున్నవాడే కాష్ పెట్టుకోగలడన్నది నిజమే, ఆ అసమానతను ఈ రూలు తాకదు.

తీగ సంగతి కూడా చూసుకోవాలి. 32 ఇళ్ల స్ప్లిటరు దగ్గరే కాంతి బలం దాదాపు 17 డెసిబెల్స్ పోతుంది. ప్రతి కనెక్టరు దగ్గర ఇంకో అర డెసిబెల్ వరకూ పోతుంది. ఇంటి పెట్టెకు చేరే సిగ్నల్ మైనస్ 27 డీబీఎం (కాంతి బలం కొలత) కంటే పడిపోతే మామూలు పెట్టెలు తడబడతాయి. కొబ్బరి మట్ట పడి కేబులు వంగినా, ఉడత కొరికినా, ఉప్పుగాలికి మురికి పట్టిన కనెక్టరు వల్లా ఇది జరుగుతుంది. పెట్టె మీద ఎల్‌ఓఎస్ (LOS) అని రాసిన ఎర్ర దీపం వెలిగితే కాంతి అందనట్టే, చాలాసార్లు తీగ తెగి ఉంటుంది. ఇలాంటి తేడా వస్తే అన్ని యాప్‌లూ ఒకేలా దెబ్బతింటాయి. అన్నీ ఒకేలా పాడైతే ఆపరేటరుకు ఫోను చెయ్యండి, పార్టీని తిట్టకండి.

వివక్షకు గుర్తులు వేరు. రద్దీ లేని తెల్లవారుజామున కూడా ఒక్క యాప్ మాత్రమే ఈడుస్తూ ఉండి, వీపీఎన్ (ఏ యాప్ వాడుతున్నారో కంపెనీకి కనపడకుండా దాచేది) పెట్టగానే పరిగెత్తితే అనుమానించాలి. పరీక్ష పద్ధతిగా చెయ్యాలి. వైఫై వద్దు, ల్యాన్ కేబులుతో కంప్యూటరుకు కలపండి. తెల్లవారుజామున ఐదింటికి, రాత్రి తొమ్మిదింటికి, కొన్ని రోజుల పాటు. మామూలు స్పీడ్‌టెస్ట్ చాలాసార్లు మీ కంపెనీలోనే ఉన్న సర్వరును ఎంచుకుంటుంది కాబట్టి అంకె ఘనంగా ఉంటుంది. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది, రెండిటి మధ్య ఎడం చూడండి. ఫోనులో వెహే అనే యాప్ ఉంది. అది ఒక యాప్ ట్రాఫిక్‌ను అచ్చం అలాగే ఒకసారి, గుర్తుపట్టకుండా మార్చి ఇంకోసారి పంపి వేగాలు పోలుస్తుంది. వెబ్‌సైట్ల నిరోధానికి ఊనీ ప్రోబ్ ఉంది. సైటు అసలు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే సేవ) మార్చి చూడండి. మారిస్తే తెరుచుకుందంటే డీఎన్‌ఎస్ దగ్గర ఆపారు. మార్చినా రాకపోతే, కనెక్షన్ మొదట్లో బయటికి కనిపించే సైటు పేరు చూసి ఆపుతున్నారని అనుమానించవచ్చు. అది ప్రభుత్వ ఆదేశమూ కావచ్చు. సైట్లను ఆపించే అధికారమున్న ఐటీ చట్టం 69ఏ కింద ఇచ్చే ఆదేశాలు గోప్యంగా ఉంచాలని 2009 నిబంధనలే అంటున్నాయి, కాబట్టి మీకెవరూ చెప్పరు. వీపీఎన్ పెడితే వేగం పెరగడం కూడా ఒక్కోసారి మంచి రూటు దొరికినందువల్లే. ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వకండి.

ఫిర్యాదుకు వరస ఉంది. మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రం, డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోవాలి. తేలకపోతే 30 రోజుల్లో అదే కంపెనీలోని అప్పీలు అధికారికి, ఆయన 39 రోజుల్లో తేల్చాలి. ఆపైన టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల పోర్టల్. ట్రాయ్‌కి నేరుగా రాస్తారు చాలామంది, అది వ్యక్తిగత ఫిర్యాదులు చూడదు.

కోనసీమకు ఈ విషయంలో ఇంకో అనుభవం ఉంది, పార్టీల వాళ్లు దాన్ని ఎత్తడానికి ఇష్టపడరు. జిల్లా పేరు మార్పు మీద 2022 మే 24న అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు కాలాయి. మొబైల్ ఇంటర్నెట్ దాదాపు రెండు వారాలు ఆగింది. వదంతులు ఆపడానికి అన్నారు. ఆగింది వదంతులే కాదు. యూపీఐ ఆగింది, ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగాలు ఆగాయి, వాట్సాప్‌లో వచ్చే రొయ్యల కౌంటు రేటు ఆగింది. పట్టుబడి పెట్టుకున్న రైతుకు 100 కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) ఎంత పలుకుతుందో తెలియకపోతే కొనేవాడు చెప్పిందే రేటు.

దీనికి మందుగా ఒక ఆలోచన నడుస్తోంది. అప్పట్లో శశి థరూర్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం 2021 డిసెంబరులో, మొత్తం నెట్ ఆపే బదులు వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి వాటినే ఎంచి ఆపగలమేమో చూడమంది. 2023 జూలైలో ట్రాయ్ దాని మీద సంప్రదింపులు పెట్టింది. వినడానికి బాగుంది. యూపీఐ నడుస్తుంది, పోర్టళ్లు నడుస్తాయి. నేను మాత్రం దీనికి వ్యతిరేకం. ఫలానా యాప్‌ను ఏరి ఆపాలంటే ప్రతి కంపెనీ దగ్గర ప్రతి పౌరుడి ట్రాఫిక్‌ను జల్లెడ పట్టే యంత్రం శాశ్వతంగా ఉండాలి. ఒకసారి పెట్టాక అది అల్లర్ల రోజుకే పరిమితమవుతుందని నమ్మడానికి, పైన ఛానళ్ల విషయంలో మనం చూసిన చరిత్ర ఒప్పుకోదు. అల్లరి చేసేవాడు వీపీఎన్ పెట్టుకుంటాడు, రొయ్యల రైతు పెట్టుకోలేడు. ఇక 2020 జనవరిలో కశ్మీర్‌లో చేసినట్టు అనుమతించిన సైట్ల జాబితా ఇచ్చి మిగతావన్నీ మూసేయడం అంటే న్యూట్రాలిటీని తలకిందులు చేయడమే. ఆ నెల 10న సుప్రీంకోర్టు అనూరాధా భాసిన్ కేసులో నిలిపివేత ఆదేశాలు ప్రచురించాలని, నిరవధికంగా ఉండకూడదని చెప్పింది. ఒక ఆదేశానికి 15 రోజుల గరిష్ఠ గడువు ఆ తర్వాత వచ్చింది. అమలాపురం ఆ గడువు దగ్గరిదాకా వెళ్లొచ్చింది.

కంపెనీలు అడుగుతున్న నెట్‌వర్క్ వాటా గురించి ఎక్కువ చెప్పను. ఎక్కువ ట్రాఫిక్ పంపే యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివాళ్లు తమకూ డబ్బు కట్టాలని టెలికాం కంపెనీల వాదన. ఆ ట్రాఫిక్‌ను అడిగింది చందాదారు, వాడు రీఛార్జిలో దానికి కట్టేశాడు కూడా. దక్షిణ కొరియాలో ఇలాంటి ఫీజుల పద్ధతి పెట్టారు. ఆ ఖర్చు భరించలేమని ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం మూసింది.

టెలికాం కేంద్రం జాబితాలోది కాబట్టి అమలాపురం, నరసాపురం, రాజమండ్రి, కాకినాడ ఎంపీ అభ్యర్థులను అడగాల్సినవి వేరు. 2023 టెలికాం చట్టం మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది, అందులో నెట్ న్యూట్రాలిటీ అన్న మాటే లేదు. అంతా నిబంధనలకే వదిలేశారు, నిబంధనలను ప్రభుత్వం ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోకుండానే మార్చుకోగలదు. దాన్ని చట్టంలోకి తెమ్మంటారా? 50 లక్షల పరిమితి ఎత్తేయమంటారా? కంపెనీల తీరు గమనించడానికి బహుళ పక్షాల సంఘం పెట్టమని ట్రాయ్ 2020 సెప్టెంబరు 22న సిఫార్సు చేసింది, దాని మీద సభలో ఎన్నిసార్లు ప్రశ్న వేశారు? అనుకూలమే అన్న జవాబు ఇక్కడ సరిపోదు, చేసిన పని చూపించాలి.

ఎమ్మెల్యే అభ్యర్థికి లైసెన్సు సంగతి అంటగట్టి లాభం లేదు. నెట్ నిలిపేసే ఆదేశం మామూలుగా రాష్ట్ర హోం కార్యదర్శి సంతకంతో వస్తుంది, దాన్ని సమీక్షించే సంఘంలో ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి ఉంటారు. ముగ్గురూ అదే ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లే. బయటివాళ్లను చేర్చమన్న పార్లమెంటరీ సంఘం మాట వింటారా అని అడగవచ్చు. ఫైబర్‌నెట్ పూర్తిగా వాళ్ల చేతిలోదే. ఛానళ్ల జాబితాలో ఏది, ఏ రోజు, ఏ కారణంతో చేరిందో తీసేశారో వెబ్‌సైటులో పెడతారా, తీసేసినప్పుడు మూడు వారాల నోటీసు ఎవరి సంతకంతో, ఏ తేదీన వెళ్లిందో దాని పక్కనే పెడతారా అన్నది మోరి సభలో నిలబడి అడగదగ్గ ప్రశ్న.